హర్రాజులో విలాయతీ బండి

2018 జనవరిలో అమెరికాలోని లాస్ వెగాస్‌లో ఒక హర్రాజు జరిగింది. బాన్‌హమ్స్ అనే లండన్ కంపెనీ నడిపిన ఆ పాటలో 1951 నాటి విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ మోటార్‌సైకిల్ ఒకటి 9,29,000 డాలర్లకు పోయింది. అప్పటి లెక్కన మన రూపాయల్లో దాదాపు ఆరు కోట్లు. ఆ మోడల్ బండ్లు మొత్తం మీద తయారైనవే ముప్పై చిల్లర. ఈ ఒక్క బండి 1953లో ఆస్ట్రేలియాలో గంటకు 141 మైళ్ళ వేగంతో రికార్డు కొట్టింది. తర్వాత ఫ్రాన్సులో విన్సెంట్ ఇంజన్ల పనికి పేరుమోసిన ప్యాట్రిక్ గోడె చేతుల్లో బాగుపడి పాటకు వచ్చింది. పాత రంగును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. గీతలు గీతలుగానే, మరకలు మరకలుగానే అమ్మారు.

విలేకరిగా నేను చూసిన హర్రాజులు వేరే. మన కర్నూలు, కడప వైపు పోలీసు మైదానంలో వరసగా నిలబెట్టిన జప్తు బండ్లు, టైర్లు భూమిలోకి దిగిపోయి ఉంటాయి. పాటలో కూర్చోవాలంటే ముందు ధరావత్తు కట్టాలి. సర్కారీ పాట ఒక రేటు పలుకుతుంది. గుజిరీ వ్యాపారులు పొద్దున్నే చాయ్ దుకాణం దగ్గర తమలో తాము మాట్లాడుకుని వచ్చి ఉంటారు కాబట్టి, దానిపైన వంద, రెండు వందలు పెరిగి ఆగిపోతుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. లారీ వస్తుంది. ఆ గుట్టలో బుల్లెట్టు ఉన్నా, ఎం ఎయిటీ ఉన్నా కాటా మీద కిలోల లెక్కే. 2002 అక్టోబరులో సుప్రీంకోర్టు సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో, జప్తు చేసిన వాహనాలను స్టేషన్ల ముందు ఏళ్ళ తరబడి పడేయొద్దని చెప్పింది. స్టేషన్ల ముందు వేపచెట్ల కింద ఇప్పటికీ ఏమేం ఉన్నాయో మీరూ చూస్తూనే ఉంటారు.

ముందు ఈ హర్రాజు అనే మాట సంగతి. ఇది అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ హరాజ్. మన కడప, రాయచోటి నుంచి కువైట్‌కో సౌదీకో పోయిన వాళ్ళకి దీన్ని ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. రియాద్‌లో హరాజ్ బిన్ ఖాసిం అనే పాత సామాన్ల బజారే ఉంది. ఇంకో మాట నీలామ్. ఇది పోర్చుగీసు వాళ్ళ లెయ్‌లావ్ నుంచి మన వైపు ఓడ దిగిందంటారు. ఆ లెయ్‌లావ్‌కు మూలం మళ్ళీ అరబ్బీలో ఎలాన్ లాంటి ‘అల్ ఇఅలామ్’, అంటే చాటింపు. తెలుగులో అచ్చమైన మాట అని మనం అనుకునే ‘వేలం’, తమిళంలో ‘ఏలం’ కూడా ఆ పోర్చుగీసు మాట పిల్లలేనని నిఘంటువులు రాసినవాళ్ళు చెప్తారు. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. ఇట్లాంటి మాట ఒకటి దొరికితే ఒక పూట దానితోనే గడిచిపోతుంది, మాఫ్ చేయండి.

విలాయత్ సంగతీ అంతే. మన నానీలు, దాదీలు ఇంగ్లండును విలాయత్ అనేవాళ్ళు. మన సిపాయిల నోట ఆ మాట విని గోరా సైనికులు తమ దేశాన్ని తామే ‘బ్లైటీ’ అని పిలుచుకోవడం మొదలుపెట్టారు.

ఇక విలాయతీ బండ్ల పుట్టుక. వాటిలో పేరున్న రెండు ఖాందాన్లకు తుపాకుల కారఖానాలతో సంబంధం ఉంది. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, 1861లో తుపాకులు చేసే కారీగర్లు కలిసి పెట్టుకున్న కంపెనీ. ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు రైఫిళ్ళు దాని గుర్తు. రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టింది రెడ్డిచ్ అనే ఊళ్ళో, సూదులూ సైకిళ్ళూ చేసే చోట. 1890ల్లో ఆ కంపెనీకి ఎన్‌ఫీల్డ్‌లోని సర్కారీ రైఫిల్ ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసిచ్చే కాంట్రాక్టు దొరికింది. ఆ ఖుషీలో ఫ్యాక్టరీ పేరునే తన పేరు చేసుకుంది. ‘తుపాకీలాగా తయారైంది’ అన్నది వాళ్ళ నినాదం. 1901లో మొదటి మోటార్‌సైకిల్, 1932లో ‘బుల్లెట్’ అనే పేరు.

ఆ ఎన్‌ఫీల్డ్ పేరు మనకు అంతకు ముందే తెలుసు. 1857లో సిపాయిలు నోటితో కొరకనన్న తూటాలు ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళవే. అంతకూ 18 ఏళ్ళ ముందు, 1839లో, మన కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ సర్కారు పట్టుకుపోయింది. ఆయన మీద పెట్టిన ఇల్జామ్ ఆయుధాలు కూడబెట్టాడనే. 1840లో తిరుచిరాపల్లిలో ఆయన హత్యకు గురయ్యాడు, రియాసత్ కంపెనీలో కలిసిపోయింది. తుపాకులు దాచాడని రాజ్యం పోగొట్టుకున్న ఊళ్ళో, నూరేళ్ళ తర్వాత తుపాకీ గుర్తు బండి ఎక్కి పోవడం షాన్ అయింది.

ఆ నూరేళ్ళలో మోటార్‌సైకిల్ మన జిల్లాల్లో కలెక్టరుకో, మిషన్ దొరకో, ఒకరిద్దరు జమీందార్లకో ఉండే వస్తువు. మామూలు మనిషి చేతికి అది అందడానికి రెండో ప్రపంచ యుద్ధం కావలసి వచ్చింది.

యుద్ధంలో బ్రిటన్ సైన్యం కోసం బండ్లు లక్షల్లో తయారయ్యాయి. బీఎస్ఏ ఎం ట్వంటీ ఒక్కటే సుమారు 1,26,000. నార్టన్ సిక్స్‌టీన్ హెచ్, మ్యాచ్‌లెస్, ఏరియల్ వేరే. రాయల్ ఎన్‌ఫీల్డ్ అయితే పారాచూట్‌తో కిందికి దించే 125 సీసీ చిన్న బండి కూడా చేసింది, దాన్ని ‘ఎగిరే నల్లి’ అనుకోండి. కోవెంట్రీలో ఉన్న ట్రయంఫ్ ఫ్యాక్టరీ 1940 నవంబరు బాంబు దాడిలో నేలమట్టమైతే, వాళ్ళు 1942లో మెరిడెన్ అనే పల్లె దగ్గర కొత్తది కట్టుకున్నారు. బర్మా మోర్చా కోసం వచ్చిన సామాను మన దేశంలోనూ గుట్టలుగా పడింది. బెంగుళూరు, సికింద్రాబాదు పెద్ద ఛావనీలు. 1945లో లడాయి ముగిసింది. వెనక్కి ఓడెక్కించే ఖర్చు కంటే ఇక్కడే వదిలించుకోవడం చౌక. సర్కారు ‘డిస్పోజల్స్’ అనే మహకమా పెట్టి జీపులు, లారీలు, గుడారాలు, మోటార్‌సైకిళ్ళు హర్రాజు వేసింది. డిస్పోజల్ అనే మాట మన పాత మెకానిక్కుల నోట ఒక బ్రాండు పేరులాగా నిలిచిపోయింది. ‘ఏ డిస్పోజల్ కా మాల్ హై’ అంటే గట్టి సరుకు అని.

కర్నూలు బెంగుళూరు–హైదరాబాదు బాట మీద ఉంది, కడప మద్రాసు–బొంబాయి రైలు దారిలో ఉంది. ఆ ఛావనీల్లో పాడిన బండ్లు, మద్రాసు పుదుపేట, బెంగుళూరు శివాజీనగర్ గుజిరీలో దొరికే విడిభాగాలు ఈ రెండు దారుల్లోనే మన దగ్గరకు చేరాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు దఫ్తర్లకు ఇళ్ళు చాలక గుడారాలు వేశారు కదా. మూడేళ్ళు, 1956 నవంబరు 1 దాకా, కొండారెడ్డి బురుజు చుట్టూ సర్కారీ బండ్లు తిరిగాయి. మా మొహల్లా పెద్దలు ఆ జమానా గురించి చెప్పేటప్పుడు ప్రకాశం పంతులు గారి కంటే ముందు బండ్ల చప్పుడే చెప్పేవాళ్ళు.

1950ల మొదట్లో భారత సైన్యం సరిహద్దు గస్తీ కోసం బుల్లెట్లు తెప్పించుకుంది. ఆ ఆర్డరు తెచ్చిన మద్రాస్ మోటార్స్, రెడ్డిచ్ కంపెనీ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో కారఖానా. మొదట్లో విలాయత్ నుంచి వచ్చిన భాగాలు బిగించడమే, 1956 మొత్తం మీద చేసినవి 163 బండ్లు. 1957లో అచ్చులూ పనిముట్లూ వచ్చాయి, 1962 నాటికి అన్ని భాగాలూ ఇక్కడే. లాస్ వెగాస్‌లో కోట్లు పలికిన విన్సెంట్ కంపెనీ మోటార్‌సైకిళ్ళు ఆపేసింది కూడా ఆ 1955లోనే.

ఆ తర్వాత దిగుమతుల తలుపులు మూసుకున్నాయి. కొత్త నార్టన్ రాదు, బీఎస్ఏకు పిస్టన్ రాదు. దేశంలో దొరికేవి బుల్లెట్టు, 1961 నుంచి మైసూరు జావా, ఆ వెంటనే రాజ్‌దూత్. దుకాణంలో భాగం దొరకని చోట దాన్ని చేసే మనిషి పుడతాడు. మన ఉస్తాద్‌ల చరిత్ర ఇక్కడ మొదలవుతుంది. దీని మీద ఇంతవరకూ ఎవరూ నాలుగు పేజీలు రాయలేదన్నదే నా బాధ.

మా బడి గోడ పక్కనే ఒక ఉస్తాద్ దుకాణం ఉండేది. అసలు పేరు మాకెవరికీ తెలియదు, ఊరంతా ఉస్తాదే. రేకుల కప్పు, ఒక లేత్ మిషన్, నూనె పీల్చి నల్లబడిన మట్టి నేల. షాగిర్దులు నలుగురు, అందరూ బడి మానేసిన మా తోటి పిల్లలే. మొదటి సంవత్సరం పని కిరసనాయిల్లో నట్లు కడగడం. రెండో ఏడు పానా పట్టనిస్తాడు. ఆ పానాల దగ్గరే తెలిసేది ఉస్తాద్ ఇల్మ్. విలాయతీ బండి మరలు మన మిల్లీమీటర్ల లెక్కలో ఉండవు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు పెట్టిన కొలత ఒకటి, సైకిల్ మర అని అంగుళానికి 26 చుట్లుండే సన్న మర ఇంకొకటి. పానా మీద రాసిన అంకె నట్టు వెడల్పు కాదు, బోల్టు లావు. కొత్తవాడు అంకె చూసి పట్టుకుంటే నట్టు మూలలు అరిగిపోతాయి. ఉస్తాద్ అంకె చూసేవాడు కాదు, వేలితో నట్టు తడిమి పానా పేరు చెప్పేవాడు.

పాత ఎం ట్వంటీకి వాల్వు పోతే లారీ వాల్వు తెచ్చి లేత్ మీద సన్నం చేసేవాడు. మాగ్నెటో చుట్ట కాలిపోతే రాగి తీగ తెచ్చి రాత్రంతా కూర్చుని చుట్టేవాడు. గాస్కెట్‌కు పోస్టు కార్డు. నవ్వకండి, తెల్లారి ఆ బండి నంద్యాల పోయి వచ్చేది. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలు వైపు, బ్రేకు ఎడమ వైపు. స్టార్ట్ చేయాలంటే మీటరులో ముల్లు మధ్యలోకి వచ్చేదాకా కిక్కును మెల్లగా తొక్కాలి, చిన్న లివరు పట్టి గాలి వదలాలి, ఆ తర్వాత ఒకే తొక్కు. తప్పితే కిక్కు తిరిగి కొడుతుంది, చీలమండ విరిగినవాళ్ళు ఊరికొకరు ఉండేవాళ్ళు. గొంతు విని రోగం చెప్పడం ఉస్తాద్ అలవాటు. ‘ఝూట్ ఆద్మీ బోల్తా, ఇంజన్ నై బోల్తా బేటా’ అనేవాడు.

కరువు సీమలో పెట్రోలు ధర ఒక ఫికర్. ఎన్‌ఫీల్డ్ కంపెనీ 325 సీసీ డీజిల్ బుల్లెట్టు తెచ్చింది, ‘టారస్’ అని. గుర్రంలా పరుగెత్తదు, గేదెలా నడుస్తుంది, కానీ లీటరుకు 70 కిలోమీటర్లకు తక్కువ ఇవ్వదని పేరు. మోటరు బాయి ఇంజను శబ్దం రోడ్డు మీద వినిపించేది. బుల్లెట్టు అంటే ముఠా నాయకులూ సుమోలూ అని సినిమాలు నేర్పాయి గానీ, నేను చూసిన బుల్లెట్ల మీద పాల క్యాన్లు, గడ్డిమోపులు, వెనక సీటు మీద బురఖాలో అమ్మీ, ట్యాంకు మీద చిన్నోడు. కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు ఇంటికి గచ్చు వేయించి, తర్వాత కొనేది ఆ బండే.

ఇంతలో విలాయత్‌లో ఏమైంది? రెడ్డిచ్ కారఖానా 1967లో మూతపడింది. మెరిడెన్ 1983లో. 1977లో మన తిరువొత్తియూరు బుల్లెట్టే ఇంగ్లండుకు ఎగుమతి కావడం మొదలైంది. అక్కడ పాత బండ్ల మోజు పెరిగాక, ఇక్కడ బతికి ఉన్న యుద్ధకాలం బండ్లను వెతికి కొని, రంగేసి, ఓడెక్కించే వ్యాపారం దిల్లీ, బొంబాయి వైపు మొదలైంది. వాటిల్లో చాలా బండ్లకు అక్కడ చెడ్డ పేరు వచ్చింది. పైన మెరుపు, లోపల అతుకులు, నంబర్లు కొట్టినవి అని. ఇంగ్లండులో కొనేవాడు ఇప్పటికీ ‘ఇండియా నుంచి వచ్చిందా?’ అని అడిగి ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఆ మాటలో నిజం ఉంది. ఓడెక్కించడానికి వారంలో తయారు చేయమన్న బండి అట్లాగే ఉంటుంది. కానీ నలభై ఏళ్ళు రోజూ రోడ్డు మీద నడిపించిన చెయ్యి, వారంలో రంగు పూసిన చెయ్యి ఒకటి కావు. ఆ తేడా వాళ్ళ కేటలాగుల్లో లేదు. గోడె పేరు అచ్చయింది, మన ఉస్తాద్ అతుకు మాత్రం నకలు లెక్కలో పోయింది.

కంపెనీల హర్రాజు ఇంకో వింత. రాయల్ ఎన్‌ఫీల్డ్ 1994లో ఐషర్ చేతికి పూర్తిగా వచ్చింది. 2016లో బీఎస్ఏ పేరును మహీంద్రా వాళ్ళ క్లాసిక్ లెజెండ్స్ కొనేసింది, ఆ గోల్డ్ స్టార్ 2024 ఆగస్టులో మన దేశంలో దిగింది. 2020 ఏప్రిల్‌లో టీవీఎస్ నార్టన్‌ను 160 లక్షల పౌండ్లకు తీసుకుంది. హోసూరు కంపెనీ నార్టన్‌కు మాలిక్. డిస్పోజల్స్ పాటలో నార్టన్ కొన్న తరం వింటే నమ్మదు.

ఇక మీ ఇంట్లో ఎవరికైనా ఈ షౌక్ ఉంటే, హర్రాజులో పాత బండి కొనేటప్పుడు చూడాల్సింది రంగు కాదు, నంబర్లు. ఇంజన్ మీదది, ఫ్రేము మీదది కంపెనీ నుంచి ఎట్లా బయటికి వచ్చాయో అట్లాగే ఉంటే ఒక ధర, ఇంజన్ మారి ఉంటే అందులో సగం. విన్సెంట్‌కైతే ముందు ఫ్రేము, వెనక ఫ్రేము, ఇంజన్ పెట్టె రెండు సగాలు, అన్నింటి మీదా అంకెలు కలవాలి. చుట్టూ గీకినట్టు ఉన్నా, అంకెలు వంకరగా ఉన్నా పాట వదిలేయండి. ఇంగ్లండులో 1946లో మొదలైన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ అనే సంఘం దగ్గర పాత కంపెనీల డెస్పాచ్ రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. బండి ఏ రోజు కారఖానా దాటిందో అవి చూసి సర్టిఫికెట్ ఇస్తారు. పాటలో కొట్టిన ధర మీద కంపెనీ కమీషన్ విడిగా పడుతుందని కూడా మరవకండి, లాస్ వెగాస్ అంకెలో అదీ కలిసే ఉంటుంది.

మన దేశంలో 2021 జులైలో కేంద్ర సర్కారు వింటేజ్ వాహనాలకు వేరే నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి ఉండాలి. కొత్తగా రిజిస్టర్ చేస్తే 20,000 రూపాయలు, పదేళ్ళ తర్వాత మళ్ళీ 5,000. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ప్రదర్శనకు, ర్యాలీకి, రిపేరుకు తీయొచ్చు, రోజూ నడపకూడదు. ఫ్రేము, ఇంజన్, బాడీలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదన్న షరతు ఒకటుంది. ఇక్కడే నాకు ఏతరాజ్. మన బండ్లు బతికిందే మార్పులతో. మద్రాసు ఇంజన్ పెట్టకపోతే 1970లోనే గుజిరీకి పోవలసిన రెడ్డిచ్ ఫ్రేము, ఆ ఇంజన్ పెట్టినందుకే ఇప్పుడు వింటేజ్ కాదు. ఎవరూ నడపక గడ్డివాములో పడిన బండి అసలుది, మూడు తరాలను మోసింది నకలుది.

ఇక కాగజ్. కాగితం లేకపోతే ఎంత పాత బండి అయినా తుక్కే. మనకు ఆ మాట బండ్ల విషయంలోనే కాదు, ఇంకా చాలా విషయాల్లో తెలుసు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలు పాత బస్తీని ముంచినప్పుడు ఆర్‌సీ పుస్తకాలు, ఇన్‌వాయిస్‌లు, ఇంటి దస్తావేజులు అన్నీ ఒకే బురద అయ్యాయి. పక్క వీధిలో ఒక పెద్దాయన దగ్గర రెడ్డిచ్ నుంచి వచ్చిన బుల్లెట్టు ఉండేది. బండి కడిగితే బాగైంది, పుస్తకం కాలేదు. తర్వాత రెండేళ్ళకు అది విడిభాగాలుగా పోయింది.

ఉస్తాద్ దుకాణంలోనూ నీళ్ళు లేత్ మిషన్ పైదాకా వచ్చాయి. అప్పటికే ఆయన మంచాన ఉన్నారు, ఆ చలికాలం దాటలేదు, అల్లాహ్ మగ్‌ఫిరత్ చేయాలి. కొడుకు కొన్నేళ్ళు దుకాణం నడిపి, కొత్త బండ్ల షోరూములో పనికి కుదిరాడు. కిందటేడు ఆయనే ఫోన్ చేశాడు. ‘భాయ్, అబ్బా రాసుకున్న బహీలు అటక మీద దొరికాయి. మాకెవరికీ ఉర్దూ రాదు. ఒకసారి వచ్చి చూడండి’ అని. పోయాను. అట్ట ఊడిపోయిన నాలుగు పుస్తకాలు, చెయ్యి చిన్నది, సిరా వెలిసినా చదవొచ్చు. భాభీ చాయ్ తెచ్చేలోపే నాకు అర్థమైంది అవి ఏమిటో. తారీఖు, మాలిక్ పేరు, ఊరు, ఇంజన్ నంబరు, ఫ్రేము నంబరు, చేసిన పని, తీసుకున్న పైసలు. ఇంజన్ మార్చిన చోట పాత నంబరు, కొత్త నంబరు రెండూ రాసి, తీసిన ఇంజన్ ఏమైందో కూడా పక్కన రాశారు. ‘ఫలానా బీఎస్ఏకు పెట్టాను’ అని, ‘గుజిరీ’ అని.

ఇంగ్లండు సంఘం దగ్గరున్న రిజిస్టరు బండి కారఖానా దాటిన రోజుతో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇది మొదలవుతుంది. ఆదోని, ప్రొద్దుటూరు, బనగానపల్లె, జమ్మలమడుగు, ఇంకా నేను వినని పల్లెల పేర్లు. రెండు పుస్తకాల్లో చెదలు పట్టిన పేజీలు ఉన్నాయి. కింది అరలో ఇంకో ఆరేడు ఉండేవని, అవి వరదలో పోయాయని కొడుకు చెప్పాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం అసర్ తర్వాత వాళ్ళింట్లో కూర్చుంటున్నాం. నేను ఉర్దూ చదువుతాను, ఇంటర్ చదివే మనవడు ల్యాప్‌టాప్‌లో తెలుగులో కొడతాడు. నంబర్ల దగ్గర వాడు నాకంటే చురుకు. మొదటి పుస్తకం అయింది, రెండోదానిలో 1974 దాకా వచ్చాం. ఆ పేజీలో కోవెలకుంట్ల నుంచి వచ్చిన మ్యాచ్‌లెస్ ఒకటి ఉంది, పైసల గడిలో ‘బాకీ’ అని రాసి ఉంది.